నగరం అంచున చిరుత: ముంబై అనుభవం

చిరుతపులి మనుషుల మధ్య కనిపించినప్పుడల్లా పత్రికల్లో వచ్చే శీర్షిక దాదాపు ఒకటే: ‘జనావాసాల్లోకి చిరుత’. ఈ రెండు మాటల్లో ఒక చరిత్ర కథనం దాగి ఉంది. జనావాసం ముందునుంచీ అక్కడే ఉందని, చిరుత కొత్తగా వచ్చిందని, కాబట్టి హద్దు దాటింది చిరుతేనని ఆ శీర్షిక మనకు తెలియకుండానే నమ్మిస్తుంది. ఇలాంటి వాక్యం ఎదురైనప్పుడు చరిత్ర విద్యార్థి మొదట అడగవలసింది కాలక్రమం గురించి. ఎవరు ముందు, ఎవరు తర్వాత? హద్దు గీసింది ఎవరు, ఎప్పుడు, దేనికోసం?

మాంసాహార జంతువులు నగరాల్లో బతకడం ఒక్క మన దేశంలోనే జరుగుతున్నది కాదు. ఇథియోపియాలోని హరార్ పట్టణంలో రాత్రిపూట దుమ్ములగొండులు వీధుల్లోకి వస్తాయి. లండన్‌లో నక్కలు, చికాగోలో కొయొటీలు స్థిరపడ్డాయి. అయితే మనిషిని చంపగల శక్తి ఉన్న జంతువు, రెండు కోట్లకు దగ్గరగా జనం ఉన్న మహానగరం పక్కపక్కనే ఉన్న ఉదాహరణగా ముంబైకి సాటి రాగలవి చాలా తక్కువ. పైగా అక్కడ గెజెటీర్లు, వేటగాళ్ల రాతలు, కోర్టు కాగితాలు, శాస్త్రీయ అధ్యయనాలు సమృద్ధిగా దొరుకుతాయి. అందుకే ఈ పాఠ్యభాగంలో ముంబైనే తీసుకుంటున్నాం.

సాల్సెట్ దీవి, నీళ్ల కోసం మిగిలిన అడవి

బొంబాయి చరిత్ర అనగానే ఏడు దీవులను కలిపి నగరాన్ని కట్టిన కథ గుర్తుకు వస్తుంది. మన కథ జరిగింది వాటికి ఉత్తరాన ఉన్న పెద్ద దీవి సాల్సెట్‌లో. మరాఠీవారు దీన్ని సాష్టి అంటారు. దీవి మధ్యలో కొండలు, ఆ కొండల్లో కాన్హేరి బౌద్ధ గుహలు ఉన్నాయి. సుమారు వెయ్యేళ్లపాటు భిక్షువులు నివసించిన ఈ నూటికి పైగా గుహల్లో మన శాతవాహనుల శాసనాలు కూడా ఉన్నాయి. యజ్ఞశ్రీ శాతకర్ణి కాలపు శాసనం వాటిలో ఒకటి. కల్యాణ్, సోపారా రేవుల వర్తకులు ఇక్కడికి దానాలు పంపారు. అంటే ఈ అడవి ఏనాడూ మనుషులు లేని అడవి కాదు. ‘కన్నె అడవి’ అనే ఊహ ఎంత అందంగా ఉన్నా ఇక్కడ పనికిరాదు. భిక్షువులు, వర్తకులు, తర్వాతి కాలంలో వార్లీ, మల్హార్ కోలీ వంటి ఆదివాసులు మృగాలతో పాటే ఈ కొండల్లో తిరిగారు.

1774లో ఈస్టిండియా కంపెనీ మరాఠాల నుంచి సాల్సెట్‌ను గెలుచుకుంది. 1853లో బోరీబందర్ నుంచి ఠాణేకు దేశంలో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది ఈ దీవి మీదుగానే. రైలుతో పాటు కలప కొట్టడం, కొత్త ఊళ్లు వెలవడం మొదలయ్యాయి. ఆ ఊపులో మధ్య కొండలు కూడా బోడిగుట్టలై ఉండవలసింది. వాటిని కాపాడింది జంతువుల మీద ప్రేమ కాదు, నగరం దాహం. బొంబాయికి మంచినీళ్ల కోసం 1860లో విహార్ జలాశయం, 1879లో తులసి జలాశయం పూర్తయ్యాయి. జలాశయంలోకి శుభ్రమైన నీరు చేరాలంటే చుట్టూ ఉన్న వాలులను అడవిగానే ఉంచాలి. ఇంజనీర్లు నీటి కోసం గీసిన ఆ పరీవాహక హద్దే తర్వాత చిరుతకు ఇల్లయింది. చరిత్రలో ఒక పని కోసం చేసిన నిర్ణయం మరొకరికి ఉపయోగపడటం కొత్తేమీ కాదు గాని, ఇంత స్పష్టంగా కనిపించే సందర్భాలు తక్కువ.

ఆ అడవిలో అప్పట్లో పెద్దపులి కూడా ఉండేది. విహార్ సరస్సు దగ్గర 1929లో కాల్చిన పులిని సాల్సెట్‌లోని చివరి పులిగా చెబుతారు. పెద్దపులి పోయింది, చిరుత నిలిచింది. కారణం దాని తిండిలో, నడవడిలో ఉంది. పెద్దపులికి జింక, అడవిపంది వంటి పెద్ద జంతువులు కావాలి, విశాలమైన అడవి కావాలి. చిరుత ఎలుకతో, కోడితో, కోతితో కూడా కడుపు నింపుకోగలదు. పగలు పొదలో, చెట్టుకొమ్మ మీద, చెరకుతోటలో చప్పుడు లేకుండా పడుకుని చీకటి పడ్డాక బయటికి వస్తుంది. పక్కనే చిరుత ఉన్న సంగతి ఏళ్లతరబడి తెలియని ఊళ్లు ఉన్నాయంటే ఆశ్చర్యపడనక్కర్లేదు.

నగరం కొండ చుట్టూ తిరగడం

స్వాతంత్ర్యం తర్వాత రెండు పనులు ఒకేసారి జరిగాయి. ఒకవైపు అడవికి చట్టరక్షణ పెరిగింది. కృష్ణగిరి పేరుతో చిన్నగా మొదలైన ఉద్యానవనం క్రమంగా జలాశయాల చుట్టూ ఉన్న అడవిని కలుపుకొని బోరివలి జాతీయ ఉద్యానవనంగా పెరిగింది. దాన్నే ఇప్పుడు సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానవనం అంటున్నాం. విస్తీర్ణం సుమారు 104 చదరపు కిలోమీటర్లు. మరోవైపు నగరం ఉత్తరానికి పాకింది. బొంబాయి పురపాలక హద్దును 1950లో ఒకసారి, 1957లో మరోసారి జరిపి దహిసర్, ములుంద్ వరకు తెచ్చారు. దాంతో అడవికి పడమర బోరివలి, గోరేగావ్, తూర్పున ములుంద్, భాండుప్, ఉత్తరాన ఠాణే కమ్ముకున్నాయి. నగరం అడవి పక్కన ఆగలేదు, దాని చుట్టూ తిరిగి కౌగిలించుకుంది. ఆ కౌగిలి బిగువు ఎంతటిదో నేటి ముంబై పటం చూస్తే తెలుస్తుంది.

అడవికి దక్షిణాన ఆనుకుని ఉన్న ఆరే ప్రాంతాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. నగరం మధ్యలోని పశువుల కొట్టాలు రోగాలకు, మురికికి నిలయాలని, వాటిలోని గేదెలను ఊరి బయటికి తరలించేందుకు 1949లో ఆరే పాలకాలనీని ఏర్పాటు చేశారు. పాడిపరిశ్రమ నిర్వహణలో పేరుపొందిన దారా ఖురోడీ ఈ పథకానికి సారథి. గేదెల షెడ్లు, గడ్డిభూములు, చెట్లు, మధ్యలో ఆదివాసుల పాడాలు, అంటే మన గూడేల వంటి చిన్న ఊళ్లు, ఇదీ ఆరే. 1977లో ఈ వైపునే ఫిల్మ్‌సిటీ వెలిసింది. కాగితాల మీద ఇది పాడిభూమి. చిరుతకు మాత్రం జాతీయ ఉద్యానవనం ఎక్కడ ముగిసి ఆరే ఎక్కడ మొదలవుతుందో తెలిపే గుర్తు ఏదీ లేదు.

అడవి అంచుల్లో పేదల బస్తీలు, వాటి పక్కనే ధనవంతుల బహుళ అంతస్తుల భవనాలు లేచాయి. రెండుచోట్లా చెత్త పేరుకుంది. చెత్త దగ్గరికి కుక్కలు, పందులు చేరాయి. కుక్కల కోసం చిరుత వచ్చింది. చిరుత మనుషుల కోసం వస్తున్నదని భయపడే నగరవాసికి ఈ గొలుసు కనిపించదు. 2015లో ఇక్కడ కెమెరాలు పెట్టి లెక్కించినప్పుడు 35 చిరుతలు తేలాయి. ఆ తర్వాతి లెక్కల్లో సంఖ్య ఇంకా పెరిగింది. ఇంత చిన్న అడవిలో ఇన్ని చిరుతలు నిలవడానికి అడవిలోని జింకలతో పాటు వీధికుక్కలు కూడా కారణమని పెంటికల పరీక్షలు చూపాయి.

బస్తీల విషయంలో కోర్టు జోక్యం కూడా ఈ చరిత్రలో భాగమే. ఉద్యానవనంలోని ఆక్రమణలను తొలగించాలని 1995లో ఒక పర్యావరణ సంస్థ బొంబాయి హైకోర్టుకు వెళ్లింది. 1997లో కోర్టు తొలగింపునకు ఆదేశించింది. వేల గుడిసెలు కూలాయి. కొందరికి చాందీవలీలో ఇళ్లు దక్కాయి. నిర్వాసితులు ఆ కాలనీకి పెట్టుకున్న పేరు సంఘర్ష్ నగర్. తరతరాలుగా అడవిలో ఉన్న ఆదివాసులు కూడా ఈ ప్రక్రియలో ‘ఆక్రమణదారుల’ జాబితాలోకి చేరే ప్రమాదంలో పడ్డారు. అడవిని రక్షించాలన్న కోరిక న్యాయమైనదే. అయితే అడవిని ఆనుకుని లేచిన ఖరీదైన భవనాలు చట్టానికి ఆక్రమణలుగా కనిపించకపోవడం, నగరానికి కూలిచేసి అడవిలో గుడిసె వేసుకున్నవారే ఆక్రమణదారులుగా కనిపించడం గమనించవలసిన విషయం.

దాడులు, బోనులు

2002 నుంచి 2004 వరకు ఉద్యానవనం చుట్టూ మనుషుల మీద చిరుతల దాడులు విపరీతంగా పెరిగాయి. 2004 జూన్ ఒక్క నెలలోనే పది మంది వరకు చనిపోయారు. చనిపోయినవారిలో పిల్లలు ఎక్కువ. మరుగుదొడ్డి లేని ఇళ్లలోంచి చీకట్లో బహిర్భూమికి వెళ్లినవారు, దీపం లేని దారిలో నడిచినవారు, గుడిసె ముందు ఆడుకుంటున్నవారు దాడులకు గురయ్యారు. అదే అంచున పదో అంతస్తులో ఉన్నవారు కిటికీలోంచి చిరుతను చూశారేమో గాని దాని నోట పడలేదు. ప్రమాదం అందరికీ సమానమని పత్రికలు రాశాయి. మృతుల చిరునామాలు అలా చెప్పవు.

అటవీశాఖ మీద ఒత్తిడి పెరిగింది. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం చిరుత మొదటి షెడ్యూల్‌లోని జంతువు. దాన్ని ఇష్టం వచ్చినట్టు చంపడానికి వీల్లేదు. మిగిలిన దారి బోను. కనిపించిన చిరుతనల్లా బోనులో పట్టి మరోచోట వదలడం అప్పటికే మహారాష్ట్రలో అలవాటైన పద్ధతి. చంపకుండా సమస్యను దూరంగా పంపుతున్నామన్న తృప్తి అందులో ఉంది. ఎక్కడికి పంపుతున్నామన్న ప్రశ్నకు మాత్రం సమాధానం లేదు.

ఆ సమాధానం పుణె జిల్లా జున్నర్ ప్రాంతం నుంచి వచ్చింది. అక్కడ కాలువల నీటితో చెరకు సాగు విస్తరించింది. ఏపుగా పెరిగిన చెరకుతోట చిరుతకు అడవితో సమానం. 2001 నుంచి 2003 వరకు జున్నర్ అటవీ విభాగంలో వందకు పైగా చిరుతలను పట్టుకున్నారు. వాటిలో 40 చిరుతలను సగటున 40 కిలోమీటర్ల దూరంలోని అడవుల్లో వదిలారు. విద్యా ఆత్రేయ, ఆమె సహచరులు ఈ వివరాలను విశ్లేషించి 2011లో ప్రచురించారు. ఈ తరలింపు మొదలు కాకముందు ఏడాదికి సగటున నాలుగు దాడులు జరుగుతుండగా, మొదలయ్యాక అవి పదిహేడుకు పెరిగాయి. అంటే ప్రజలను కాపాడటానికి చేసిన పనే ప్రజల ప్రాణం తీసింది.

ఇది ఎలా జరిగిందో అర్థం చేసుకోవాలంటే చిరుత జీవనం తెలియాలి. ఒక్కో చిరుతకు తనదైన ప్రాంతం ఉంటుంది. అక్కడి దారులు, నీటి చోట్లు, మనుషులు తిరిగే వేళలు దానికి తెలుసు. మనుషులకు ఎదురుపడకుండా బతకడం అది నేర్చుకున్న విద్య. బోనులో పడి, గాయపడి, తెలియని చోట తేలిన జంతువుకు ఆ విద్య పనికిరాదు. వదిలిన అడవిలో అప్పటికే వేరే చిరుతలు ఉంటాయి. అది తన ఇంటివైపు నడుస్తుంది, దారిలో ఊళ్లు తగులుతాయి. అటు ఖాళీ అయిన చోటుకు మరో చిరుత వస్తుంది. ముంబైలో కూడా వేరేచోట పట్టిన చిరుతలను ఉద్యానవనంలో వదలడం ఆ దాడులకు ఒక కారణమని పరిశోధకులు భావించారు.

చిరుత ఇంటివైపు నడుస్తుందన్న మాటకు 2009లో కళ్లకు కట్టే ఉదాహరణ దొరికింది. అహ్మద్‌నగర్ జిల్లాలో బావిలో పడిన ఒక ముసలి మగ చిరుతకు మెడలో రేడియో కాలర్ కట్టి మాల్షేజ్ ఘాట్‌లో వదిలారు. దానికి పరిశోధకులు పెట్టిన పేరు ఆజోబా, మరాఠీలో తాత. సుమారు నెల రోజుల్లో అది 120 కిలోమీటర్లు నడిచింది. రద్దీగా ఉండే ముంబై–ఆగ్రా రహదారి దాటింది, రైలు పట్టాలు దాటింది, సముద్రపు పాయను ఈది ముంబై అడవికి చేరింది. దారి పొడవునా ఒక్క మనిషి మీద కూడా పడలేదు. 2011 చివర ముంబై–అహ్మదాబాద్ రహదారి మీద వాహనం ఢీకొని చనిపోయింది. ఈ కథతో 2014లో మరాఠీలో ఒక సినిమా కూడా వచ్చింది.

మాట్లాడటం అనే పని

2011లో అటవీశాఖ, పరిశోధకులు, నగరవాసులు కలిసి ముంబైలో ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. పని చాలా సాదాగా ఉంది. చిరుత కనిపించడం వేరు, దాడి చేయడం వేరు అని బస్తీల్లో, పాఠశాలల్లో, పోలీసులకు, విలేకరులకు చెప్పారు. చెత్త తీయమని, దీపాలు పెట్టమని, పిల్లల్ని చీకట్లో ఒంటరిగా పంపవద్దని కోరారు. చిరుత కనిపించినప్పుడు గుంపుగా చుట్టుముట్టకుండా దానికి దారి విడవడం నేర్పారు. పట్టి వేరేచోట వదలడం దాదాపు ఆగింది. ఆ తర్వాత చాలా ఏళ్లు దాడులు బాగా తగ్గాయి. ఈ మార్పు కేవలం ప్రచారం వల్లనే వచ్చిందని రుజువు చేయడం కష్టం. తరలింపు ఆగడం, మరుగుదొడ్లు రావడం, గుడిసెలు తొలగడం అన్నీ కలిసి పనిచేశాయి. చరిత్రలో ఒకే కారణాన్ని వెతికే అలవాటును విద్యార్థులు వదులుకోవలసిన చోటు ఇది.

ఈ విజయాన్ని మరీ తియ్యగా చెప్పుకోవడం కూడా సరికాదు. 2022 అక్టోబరులో దీపావళి రోజున ఆరేలో ఏడాదిన్నర కూడా నిండని పసిపాపను చిరుత చంపింది. 2018లో వెలువడిన ఒక అధ్యయనం ముంబై చిరుతలు ఏడాదికి సుమారు 1,500 వీధికుక్కలను తింటున్నాయని, తద్వారా కుక్కకాట్లు, రేబిస్ మరణాలు తగ్గుతున్నాయని అంచనా వేసింది. లెక్కగా అది విలువైనదే. కాని ఆ లాభం నగరమంతటికీ పంచబడుతుంది, నష్టం మాత్రం ఒక గుమ్మం ముందు పడుతుంది. ఆ పాప తల్లిదండ్రుల ముందు ఈ లెక్క చెప్పగలవారు ఎవరూ ఉండరు.

అంచున బతికేవారికి తమదైన లెక్క ఎప్పటినుంచో ఉంది. వార్లీలు వాఘోబా అనే దేవుణ్ణి కొలుస్తారు. చెక్క మీదో రాతి మీదో పులి బొమ్మ, పక్కన సూర్యచంద్రులు ఉంటారు. దీపావళికి ముందు వచ్చే వాఘ్‌బారస్ నాడు కోడినో మేకనో సమర్పించి పశువులను, మనుషులను కాపాడమని మొక్కుతారు. 2021లో ప్రచురితమైన ఒక అధ్యయనం మహారాష్ట్రలో ఇలాంటి గుళ్లను 150కి పైగా నమోదు చేసింది. మన గ్రామదేవతల జాతరలతో పోల్చి చూస్తే దీని అర్థం సులువుగా బోధపడుతుంది. దేవుడంటే భక్తితో పాటు భయం, ఒప్పందం. మేక పోతే ఏడవరని కాదు. మృగం ఉంటుందన్న సంగతిని ముందే జీవితంలో కలుపుకున్నారు. దాన్ని అడవికి ‘తిప్పి పంపాలి’ అన్న ఆలోచన వారి మాటల్లో కనిపించదు, ఎందుకంటే వారి దృష్టిలో అది ఎక్కడినుంచీ రాలేదు.

తెలుగు ప్రాంతాల్లో ఈ ప్రశ్న ఇప్పుడు పదునెక్కుతున్నది. 2020 మేలో హైదరాబాద్ శివారు రాజేంద్రనగర్ వైపు పట్టపగలు రోడ్డు మీద చిరుత కనిపించింది. 2023 ఆగస్టులో తిరుమలకు వెళ్లే అలిపిరి కాలినడక మార్గంలో ఆరేళ్ల బాలికను చిరుత చంపింది. అంతకు ముందు జూన్‌లో ఒక చిన్న బాబు చిరుత నోటినుంచి బతికి బయటపడ్డాడు. ఆ తర్వాత బోనులు పెట్టి పలు చిరుతలను పట్టుకున్నారు. భక్తులను గుంపులుగా పంపారు, చేతికర్రలు ఇచ్చారు, పిల్లలు నడిచే వేళలకు హద్దు పెట్టారు. వీటిలో గుంపులుగా పంపడం, వేళలు నియమించడం ముంబై అనుభవానికి దగ్గరగా ఉన్నవి. బోనులు జున్నర్‌ను గుర్తు చేస్తాయి. శేషాచలం అడవిలో మెట్లదారి పక్కన పారేసిన తిండి ఏ జంతువును పిలుస్తుందో, ఆ జంతువు వెనుక ఏది వస్తుందో పైన చెప్పిన గొలుసు చూపుతుంది.

మళ్లీ ముంబైకి వస్తే, హద్దు గీసే పని ఇంకా ముగియలేదు. మెట్రో రైళ్ల షెడ్డు కోసం ఆరేలో స్థలం కేటాయించినప్పుడు వివాదం ‘ఆరే అడవా, కాదా’ అన్న మాట మీద నడిచింది. ఆదివాసీ పాడాలు, చిరుతల ఫోటోలు ఒకవైపు, 1949 నాటి పాడిభూమి రికార్డు మరోవైపు నిలిచాయి. 2019 అక్టోబరు 4న హైకోర్టు పిటిషన్లను కొట్టివేసింది. ఆ రాత్రే యంత్రాలతో చెట్లు కొట్టడం మొదలైంది. అడ్డుకున్న యువకులను పోలీసులు అరెస్టు చేశారు. అక్టోబరు 7న సుప్రీంకోర్టు నరికివేతను ఆపమని చెప్పింది. అప్పటికి 2,141 చెట్లు నేలకూలాయి.